కాకమారి గింజ చూపిన దారి

దక్షిణ భారతదేశపు అడవుల్లో కాకమారి అనే తీగ ఒకటి పెరుగుతుంది. మనకు బాగా తెలిసిన తిప్పతీగకు అది దగ్గరి చుట్టం. దాని గింజలను దంచి, ఆ పొడిని మడుగుల్లో కలిపి చేపలు పట్టడం పూర్వం అనేక చోట్ల వాడుకలో ఉండేది. పొడి కలిపిన కొంతసేపటికి చేపలు గిరగిర తిరిగి, దిక్కు తప్పి, ఒళ్ళు తెలియక నీటి మీద తేలేవి. వల అక్కరలేదు, గాలం అక్కరలేదు, బుట్టతో ఏరుకోవడమే. నీటిలో విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టం నేరంగా నిర్ణయించింది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ గింజలు ఓడలెక్కి ఇంగ్లండుకు కూడా వెళ్ళాయి. అక్కడ వాటికి దొరికిన ఉపయోగం చేపల వేట కంటే గొప్పదేమీ కాదు. పలచని బీరు ఘాటుగా మత్తెక్కించినట్టు తోపించడానికి కొందరు వ్యాపారులు వీటిని అందులో కలిపేవారు. కల్తీ విద్యలో మనవారే సిద్ధహస్తులని అనుకునేవారికి ఇది కొంత ఊరట కావచ్చు.

1812లో బూలే అనే ఫ్రెంచి ఔషధ శాస్త్రజ్ఞుడు ఈ గింజల నుంచి చేదు స్ఫటికాలను వేరు చేశాడు. వాటికి ‘పిక్రోటాక్సిన్’ అని పేరు వచ్చింది. చేదు విషమని అర్థం. ఇది మోతాదు మించి ఒంట్లోకి పోతే మనిషికైనా, జంతువుకైనా మూర్ఛ వస్తుంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. అందువల్ల వైద్యులు దీనిని మెదడును రెచ్చగొట్టే పదార్థాల జాబితాలో చేర్చారు. నిద్రమాత్రలు అతిగా మింగి స్పృహ తప్పినవారిని మేల్కొల్పడానికి 1930లలో, 40లలో దీనిని సూదిమందుగా వాడినవారున్నారు.

నిజానికి కాకమారి విషం మెదడులో ఎవరినీ రెచ్చగొట్టదు. ‘ఆగు’ అని చెప్పేవారి నోరు మాత్రం నొక్కేస్తుంది. అదుపు చేసేవారు లేని చోట అల్లరి దానంతట అదే చెలరేగుతుంది. ఈ చిన్న తేడా బోధపడడానికి శాస్త్రజ్ఞులకు నూటయాభై ఏళ్ళు పట్టింది. బోధపడిన తరువాత, ఈ చేపల విషమే మెదడులో ‘ఆగు’ అనే ఆజ్ఞ ఏ భాగం నుంచి బయలుదేరి ఏ భాగానికి చేరుతున్నదో వెదకేవారి చేతిలో దీపమైంది.

నాడి అంటే కదిలించేది అని మనం సాధారణంగా అనుకుంటాం. ఆపే నాడులు కూడా ఉంటాయని 1845లోనే వెబర్ సోదరులు జర్మనీలో చూపించారు. మెదడు అడుగునుంచి గుండెకు దిగే వేగస్ నాడిని విద్యుత్తుతో తాకితే గుండె వేగం తగ్గుతుంది. మరికొంత గట్టిగా తాకితే కాసేపు ఆగిపోతుంది. మెదడులో సైతం సగం పని ఇటువంటిదే. చేయి చాచి మంచినీళ్ళ చెంబు అందుకునేటప్పుడు మోచేతిని చాపే కండరానికి ‘కానివ్వు’ అనే ఆజ్ఞ పోతే సరిపోదు. అదే క్షణంలో మోచేతిని ముడిచే కండరాన్ని నడిపే కణాలకు ‘ఊరుకో’ అనే ఆజ్ఞ కూడా పోవాలి. రెండవది పోకపోతే చేయి కొయ్యబారుతుంది.

ఈ ‘ఊరుకో’ అనే మాటను మెదడు ఏ భాషలో చెబుతుంది? 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో యూజీన్ రాబర్ట్స్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఎలుకల అవయవాల రసాలను వడపోత కాగితాల మీద పాకించి, వాటిలోని అమైనో ఆమ్లాలను పరీక్షిస్తున్నాడు. ఒక్కొక్క ఆమ్లం కాగితం మీద ఒక్కొక్క చోట మరకగా నిలుస్తుంది. మెదడు రసం పాకించిన కాగితాల మీద మాత్రం, ఇతర అవయవాల రసాలలో లేని ఒక పెద్ద మరక కనిపించింది. అది గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లమని తేలింది. పలకడానికి వీలుగా దానిని ‘గాబా’ అన్నారు. టెక్సస్‌లో అవపారా అనే శాస్త్రజ్ఞుడు కూడా అదే సమయంలో విడిగా ఇదే సంగతి కనిపెట్టాడు. అంతకు ముందు సంవత్సరమే ఈ ఆమ్లం బంగాళాదుంపలో ఉన్నట్టు వెల్లడైంది. దుంపలో ఉన్న పదార్థానికి మెదడులో ఏం పని అన్నది ఎవరికీ తట్టలేదు.

దాని పుట్టుక ఇంకా విచిత్రం. మెదడులో ‘కానివ్వు’ అనే సందేశాన్ని ఎక్కువగా మోసుకుపోయేది గ్లుటామిక్ ఆమ్లం. దాని నుంచి ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును తొలగిస్తే మిగిలేది గాబా. ‘పో’ అనే మాటలోంచి ఒక్క తునక తీసివేయగా ‘ఆగు’ అనే మాట తయారవుతున్నదన్నమాట. ఆ తునకను తీసే ఎంజైము పేరు గ్లుటామిక్ ఆమ్ల డీకార్బాక్సిలేజ్. ఇంత పొడుగు పేరు మళ్ళీ మళ్ళీ చెప్పడం కష్టం కనుక, పరిశోధకుల వాడుకను అనుసరించి దీనిని ‘గాడ్’ అందాం. గాడ్ పని చేయాలంటే బి-6 విటమిన్ తోడు కావాలి. 1950లలో అమెరికాలో ఒక రకం డబ్బాపాలు తాగిన పసిపిల్లలకు ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చాయి. తయారీలో వేడి తగిలి ఆ పాలలోని బి-6 నశించడమే కారణం. గాడ్ పడకేసింది, గాబా కరువైంది, పసి మెదడులో పగ్గం తెగింది. విటమిన్ ఇవ్వగానే పిల్లలు తేరుకున్నారు.

గాబా ఏం చేస్తుందన్న ప్రశ్నకు సమాధానం మరొక దారిలో వచ్చింది. ఎర్నెస్ట్ ఫ్లోరీ అనే శాస్త్రజ్ఞుడు మంచినీటి రొయ్యను పోలిన క్రేఫిష్ నాడుల మీద పని చేసేవాడు. పాలిచ్చే జంతువుల మెదడు నుంచి తీసిన రసం చుక్క వేస్తే క్రేఫిష్ నాడి మౌనం వహించడం ఆయన గమనించాడు. ఆ రసంలోని పదార్థమేదో తెలియక దానికి ‘ఐ కారకం’ అని పేరు పెట్టాడు. 1957లో మాంట్రియల్ నగరంలో బేజ్‌మోర్, ఇలియట్ అనే సహచరులతో కలిసి, పెద్దమొత్తంలో గొడ్ల మెదళ్ళను వడకట్టి చూడగా, ఆ కారకం గాబాయేనని తేలింది.

అంతటితో కథ ముగియవలసింది, కాని అప్పుడే వివాదం మొదలైంది. ఆ రోజుల్లో నిరోధక నాడుల పరిశోధనకు పెద్ద పీఠం ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా. సర్ జాన్ ఎకిల్స్ అక్కడే ఉండేవాడు. 1963లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకడు. ఆయన సహచరుడు డేవిడ్ కర్టిస్ పిల్లుల వెన్నుపాములోని కణాల మీద గాబాను ప్రయోగించి చూసి, ఇది నాడీ సందేశవాహకం కాదని తీర్పు చెప్పాడు. కణాన్ని మందగింపజేసే పదార్థం ప్రతిదీ సందేశవాహకం కానక్కరలేదు కదా అన్నది ఆయన వాదం. తీర్పు తప్పని తరువాత తేలిందే గాని, ఆ వాదంలో బలం లేకపోలేదు.

సందేహం తీర్చింది బోస్టన్ నగరంలోని లాబ్‌స్టర్లు, అంటే సముద్రపు పెద్ద రొయ్యలు. వాటి కాళ్ళ కండరాలకు ‘కదులు’ అనే నరం వేరుగా, ‘ఆగు’ అనే నరం వేరుగా ఉంటాయి. ఒక్కొక్క నరాన్నీ విడదీసి తూచి చూడవచ్చు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో క్రావిట్జ్, కఫ్లర్, పాటర్ మొదలైనవారు 1960లలో ఆ ఓపిక పట్టారు. ఆపే నరంలో గాబా, కదిలించే నరంలో కంటే సుమారు 100 రెట్లు ఎక్కువగా ఉంది. ఆపే నరాన్ని విద్యుత్తుతో తట్టినప్పుడు గాబా బయటికి వస్తున్నదని 1966లో ఒత్సుకా, ఐవర్సన్, హాల్, క్రావిట్జ్ చూపారు. కాకమారి విషం వేస్తే ఆ నరం ఆజ్ఞ చెల్లదు. పదార్థం, విడుదల, ఫలితం, విరుగుడు ఈ నాలుగూ ఒకే చోట కుదిరాయి.

కాని రొయ్య కాలిలో రెండు నరాలను విడదీయడం వేరు, మనిషి మెదడులో కోట్లాది తంతువుల అల్లికలోంచి ఒక దారిని పట్టుకోవడం వేరు. గాబా మెదడులో లేని చోటంటూ లేదు. ఇంటింటా ఉప్పు ఉన్నదని తెలిసినంత మాత్రాన ఏ ఇంటివారు ఏ ఇంటికి ఉప్పు అప్పిచ్చారో తెలియదు కదా. పైగా గాబా కణాల్లో చాలావరకు తమ పొరుగు కణాలతోనే మాట్లాడి ఊరుకుంటాయి. దూరపు భాగాలకు ‘ఆగు’ అనే ఆజ్ఞ పంపే కణాలు అసలున్నాయా అన్నదే అప్పటి ప్రశ్న. దూరం పోయే నరాలన్నీ ఉత్తేజపరచేవేనని చాలామంది పండితుల నమ్మకం.

ఆ నమ్మకాన్ని వమ్ము చేసినవాడు జపాను శాస్త్రజ్ఞుడు మసావో ఇటో. తల వెనుకవైపు అడుగున ఉండే చిన్నమెదడులో, చేట వెడల్పున కొమ్మలు చాపిన చెట్లవంటి కణాలుంటాయి. 1837లో చెక్ దేశీయుడు పుర్కింజె వాటిని వర్ణించాడు కనుక అవి పుర్కింజె కణాలు. ఒక్కొక్క కణానికి లక్షకు పైగా వార్తలు అందుతాయి. చిన్నమెదడు పైపొర నుంచి బయటికి పోయే దారి ఈ కణాల తంతువులు ఒక్కటే. ఇటో కాన్‌బెరాలో ఎకిల్స్ వద్ద శిక్షణ పొంది టోక్యోకు తిరిగి వెళ్ళాడు. పుర్కింజె తంతువులు చేరే చోట్లలో డైటర్స్ కణపుంజం ఒకటి. శరీరం నిలదొక్కుకోవడానికి తోడ్పడే కణాలవి. పిల్లులలో ఆ కణాలలోకి వెంట్రుక కంటే సన్నని గాజుగొట్టాలు దించి, ఇటో, యోషిదా కలిసి చిన్నమెదడును తట్టి చూశారు. 1964లో వారు ప్రకటించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరచింది. పుర్కింజె కణాలు పంపే వార్త యావత్తూ ‘ఆగు’ అన్నదే. ఇంత హంగున్న అవయవం పైపొర తన లెక్కలన్నీ కట్టి, చివరకు పలికేది నిషేధం ఒక్కటే!

ఇక ఆ నిషేధం గాబా భాషలోనే సాగుతున్నదా అన్నది నిరూపించాలి. ఇక్కడ జరిగిన పని ఓపికకు నిదర్శనం. 1967లో ఒబాతా, ఇటో తదితరులు డైటర్స్ కణాల మీద గాబాను వదిలి, పుర్కింజె నాడి కలిగించిన మార్పే అదీ కలిగిస్తున్నదని చూశారు. 1969లో ఒబాతా, తకేదా చిన్నమెదడును తట్టినప్పుడు పక్కనే ఉన్న మెదడు నీటి గదిలోకి గాబా ఊరుతున్నదని కనుగొన్నారు. బోస్టన్ రొయ్యల మీద చేయి తిరిగిన ఒత్సుకా జపాను వెళ్ళి, పిల్లి మెదడులోని కణాలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరి, ఒక్కొక్క దానిలో గాబా ఎంతున్నదో తూచాడు. ఇసుకరేణువుతో పోల్చదగిన కణంలో ఒక పదార్థాన్ని తూచడమంటే ఎంత పనో ఊహించుకోండి.

నార్వే శాస్త్రజ్ఞులు ఫొన్నుమ్, స్టోర్మ్-మాథిసెన్, వాల్బెర్గ్ 1970లో మరొక ఉపాయం పట్టారు. అది రైతుకు వెంటనే అర్థమయ్యే ఉపాయం. ఏ కాలువ ఏ చేలకు పారుతున్నదో తెలియనప్పుడు, పైన గండి కొట్టి కింద ఏ చేలు ఎండుతున్నాయో చూస్తే చాలు. నాడీకణాన్ని దెబ్బ తీసినా, దాని తంతువును తెంపినా, కొన్ని రోజుల్లో ఆ తంతువు చివరలు శిథిలమవుతాయి. చివరల్లో పని చేసే గాడ్ ఎంజైము కూడా వాటితోపాటే మాయమవుతుంది. వారు చిన్నమెదడును గాయపరచి, కొన్ని రోజులు ఆగి, డైటర్స్ కణపుంజంలో గాడ్‌ను కొలిచారు. అది బాగా తగ్గిపోయింది. ‘ఆగు’ అనే కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడ పారుతున్నదో అలా మొదటిసారిగా రెండు కొసలూ దొరికాయి.

మరి విషాల సంగతి? ఇక్కడ మన అడవి మొక్క మరొకటి రంగంలోకి వస్తుంది. ముషిణి గింజల నుంచి వచ్చే స్ట్రిక్నిన్ కూడా మనిషిని విల్లులా వంచి కొట్టుకొనేటట్టు చేస్తుంది. కాకమారి, ముషిణి రెండూ పైకి ఒకే పని చేసినట్టు కనిపిస్తాయి. కాని వెన్నుపాములో ‘ఆగు’ అని చెప్పే సందేశవాహకాల్లో గ్లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉన్నదని 1960లలో బయటపడింది. ముషిణి విషం ఆ గ్లైసిన్ నోరు మూస్తుంది. పుర్కింజె నాడి ఇచ్చే ఆజ్ఞను మాత్రం అది ఏమీ చేయలేదు. కాకమారి విషం చేయగలదు. కాబట్టి ఒక దారి ముషిణికి లొంగితే గ్లైసిన్ దారి, కాకమారికి లొంగితే గాబా దారి అని గుర్తుపట్టే వీలు చిక్కింది. ఈ పరీక్షకు ఇంకా పదును పెట్టిన బైకుకుల్లిన్ అనే మూడో విషం పూలమొక్కల నుంచి వచ్చింది. దాని గుణాన్ని 1970లో వెల్లడించినది కాన్‌బెరాలోని కర్టిస్ బృందమే. గాబా సందేశవాహకం కాదన్న పెద్దమనిషే దానిని నిలబెట్టే సాక్ష్యాన్ని తెచ్చి ఇచ్చాడు. శాస్త్రరంగంలో మాట మార్చుకోవడం పరువు తక్కువ కాదు.

మనిషి రోగాలకు దగ్గరగా వచ్చిన దారి మరొకటి. మెదడు లోతుల్లో స్ట్రయేటం అనే భాగం ఉంది. కోస్తే చారలు చారలుగా కనిపిస్తుంది. నడిమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని పట్టీ ఉంది. మెదడంతటిలోనూ గాబా అత్యధికంగా ఉన్న చోట్లలో ఈ నల్లపట్టీ ఒకటి. ఆ గాబా అక్కడిదేనా, ఎక్కడినుంచైనా వస్తున్నదా? 1971లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కిమ్, హాస్లర్ మొదలైనవారు స్ట్రయేటం నుంచి దిగే దారిని తెంపి చూడగా నల్లపట్టీలో గాబా తగ్గింది. అదే ఏడు యోషిదా, ప్రెఖ్ట్ స్ట్రయేటంలోని ఒక భాగాన్ని తట్టితే నల్లపట్టీ కణాలు అణగిపోతున్నాయనీ, కాకమారి విషం ఇస్తే ఆ అణగడం పోతున్నదనీ చూపారు. నీటి మడుగులో చేపను తిప్పిన గింజ, పిల్లి మెదడులో రెండు భాగాల నడుమ ఉన్న దారికి ఈ విధంగా సాక్షి సంతకం పెట్టింది.

రెండేళ్ళు తిరగకుండానే ఈ దారి తెలియడం వల్ల కలిగే లాభమేమిటో కనబడింది. హంటింగ్టన్ వ్యాధి అని ఒకటి ఉంది. 1872లో అమెరికా వైద్యుడు జార్జ్ హంటింగ్టన్ దానిని వివరించాడు. నడివయస్సులో ముఖం, చేతులు, కాళ్ళు రోగి ప్రమేయం లేకుండా నాట్యమాడినట్టు కదలడం మొదలవుతుంది. కొన్నేళ్ళలో బుద్ధి కూడా క్షీణిస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సంక్రమించే అవకాశం సగానికి సగం. 1973లో కెనడా శాస్త్రజ్ఞుడు పెర్రీ, సహచరులు ఈ వ్యాధితో చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించారు. స్ట్రయేటంలోనూ, నల్లపట్టీలోనూ గాబా బాగా తగ్గి ఉంది. పిల్లి మెదడులో కత్తి చేసిన పనిని మనిషి మెదడులో వ్యాధి చేసింది. పైన కణాలు చచ్చాయి, కింద చేలు ఎండాయి.

ఆశలు ఎంత పెరిగాయో చెప్పనక్కరలేదు. లోపించినది గాబా కనుక గాబాను పెంచితే సరి! పెంచే మందులు వాడి చూశారు. రోగులకు మేలు జరగలేదు. ఇది బాధాకరమైన విషయమే గాని ఆశ్చర్యకరం కాదు. మందు రక్తంలో కలిసి మెదడంతటికీ పోతుంది. ఎండిన చేనుకు నీళ్ళు కావాలంటే ఊరంతా వరద పెట్టినట్టు. నిద్రమాత్రలు, డయజిపామ్ వంటి ఆందోళన తగ్గించే మాత్రలు పని చేసేదీ గాబా ద్వారానే. అవి మూర్ఛను ఆపుతాయి, నిద్రనూ తెస్తాయి, నడకనూ తడబరుస్తాయి. ఎందుకంటే వాటికి చిరునామా లేదు. పైగా హంటింగ్టన్ వ్యాధిలో చచ్చిపోయిన కణాలు గాబాను వెదజల్లే గొట్టాలు కావు. ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన కణాలవి. ఆ వివేకాన్ని మాత్రలో పెట్టడం కుదరదు.

దారుల పటం గీయడానికి ఆ దశకంలో కొత్త సాధనాలు వచ్చాయి. ముల్లంగిని పోలిన హార్స్‌రాడిష్ అనే దుంప నుంచి తీసిన ఎంజైమును తంతువు చివర వదిలితే, అది తంతువులోనే వెనక్కి ప్రయాణించి మూలకణాన్ని చేరుతుంది. రంగు వేసి చూస్తే ఆ కణం ఎక్కడున్నదో తెలుస్తుంది. గాబాను మొదట చూసిన యూజీన్ రాబర్ట్స్ బృందం గాడ్‌ను శుద్ధి చేసి, దానిని మాత్రమే అంటుకునే ప్రతిదేహాలను తయారుచేసింది. 1974 నాటికి చిన్నమెదడు పలుచని పొరల్లో గాడ్ ఉన్న చివరలు నల్లని చుక్కలుగా కంటికే కనిపించాయి. 1983లో ఓస్లో శాస్త్రజ్ఞులు గాబాకే ప్రతిదేహాలు తయారుచేశారు.

ఈ పటం పూర్తవుతున్నకొద్దీ ఒక చిక్కు ఎదురయింది. స్ట్రయేటంలో అధికభాగం గాబా కణాలే. అవి నల్లపట్టీని అణచుతాయి. నల్లపట్టీలో పైకి దారి పంపే కణాలు కూడా గాబా కణాలే. అవి మరికొన్నిటిని అణచుతాయి. అంటే ‘ఆగు’ తరువాత మళ్ళీ ‘ఆగు’. అన్నీ ఆపేవే అయితే మనిషి కదిలేదెట్లా?

చెరువు తూమును తలచుకోండి. నీరు ఎప్పుడూ పొంచి ఉంటుంది. తూము మూసి ఉంటుంది. పైరుకు నీరు కావాలంటే నీటిని ఎవరూ తోయనక్కరలేదు. తూము తీస్తే చాలు. నల్లపట్టీలోని కణాలు విశ్రాంతి సమయంలోనూ సెకనుకు పదుల సంఖ్యలో సంకేతాలు పంపుతూ కదలికలన్నిటినీ మూసిపెట్టి ఉంచుతాయి. స్ట్రయేటం ‘ఆగు’ అన్నప్పుడు ఆగిపోయేది కదలిక కాదు, ఆ మూత. 1983లో అమెరికాలో హికోసాకా, వుర్ట్జ్ కోతులలో దీనిని కళ్ళకు కట్టినట్టు చూపించారు. కోతి చూపు ఒక వెలుగు చుక్క మీదికి దూకడానికి క్షణకాలం ముందు, ఎడతెగక మోగుతున్న నల్లపట్టీ కణాలు మూగబోయాయి. ఆ కణాల అదుపులో ఉన్న, చూపును తిప్పే కేంద్రం అప్పుడే చెలరేగింది. గాబాలా పని చేసే పదార్థాన్ని నల్లపట్టీలో వదిలినప్పుడు కోతి చూపు నిలపలేకపోయింది. కళ్ళు వాటంతట అవే ఒక పక్కకు దూకసాగాయి. 1985లో పారిస్‌లో షెవాలియే, డెనియో ఎలుకలలో ఈ గొలుసులోని మూడు కొక్కేలనూ ఒకేసారి పట్టి చూపారు.

ఇదే లెక్క పార్కిన్‌సన్ వ్యాధికీ వర్తించింది. అక్కడ రోగి బాధ హంటింగ్టన్‌కు ఎదురు. కదలమన్నా కాలు కదలదు, గుమ్మం ముందు పాదాలు నేలకు అతుక్కుంటాయి, చేయి వణుకుతుంది. నల్లపట్టీలోనే డోపమీన్ అనే పదార్థాన్ని తయారుచేసే మరో రకం కణాలుంటాయి. వాటి తంతువులు స్ట్రయేటానికి పోతాయి. ఈ వ్యాధిలో నశించేవి అవే. డోపమీన్‌గా మారే ఎల్-డోపా ఈ వ్యాధికి నేటికీ ప్రధాన ఔషధం. మన దూలగొండి గింజల్లో అది ఉన్నదని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి తేల్చారన్నది ఇక్కడ చెప్పకుండా ఉండలేను. స్ట్రయేటం నుంచి రెండు గాబా దారులు బయలుదేరుతాయనీ, ఒకటి మూతను తీస్తుందనీ, రెండవది చుట్టు తిరిగి మూతను బిగిస్తుందనీ 1989, 90 నాటికి ఆల్బిన్, యంగ్, పెన్నీ, డెలాంగ్ ప్రభృతులు ఒక పటం గీశారు. డోపమీన్ మొదటిదానిని ప్రోత్సహిస్తుంది, రెండవదానిని తగ్గిస్తుంది. అది లేనప్పుడు మూత మరీ బిగుసుకుంటుంది. హంటింగ్టన్ వ్యాధిలో ముందుగా దెబ్బ తినేది ఆ రెండవ దారి. అందుకే మూత నిలవదు.

పటంలో సబ్‌థాలమస్ అనే చిన్న కణపుంజం ఒకటుంది. మూతను బిగించేవారిని ఎగదోసేది అదే. 1990లో బెర్గ్‌మన్, విష్‌మన్, డెలాంగ్ పార్కిన్‌సన్ లక్షణాలు కలిగించిన కోతులలో ఆ పుంజాన్ని దెబ్బ తీయగా, కొయ్యబారిన జంతువులు కదిలాయి. 1993లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ బృందం మనిషిలో ఆ చోటికి సన్నని తీగ దించి విద్యుత్తు అందించింది. ఆ చికిత్స నేడు మన దేశంలోని పెద్ద ఆసుపత్రులలో కూడా జరుగుతున్నది. ఆ విద్యుత్తు అక్కడి కణాలను నిజంగా అణచుతుందా, లేక వాటి లయను మారుస్తుందా అన్న వాదన మాత్రం తెగలేదు.

పటం సరైనదేనా? 2010లో అమెరికాలో మరో క్రావిట్జ్, క్రైట్జర్ తదితరులు, కాంతి తగిలితే మేల్కొనే ప్రోటీనును ఎలుకల స్ట్రయేటంలో ఒక్కొక్క దారి కణాలకే విడివిడిగా అమర్చారు. నీలికాంతి రెండవ దారి మీద పడితే ఎలుక బిగుసుకుపోయింది. మొదటి దారి మీద పడితే పరుగెత్తింది. పటం గెలిచిందనుకున్నారు. 2013లో కుయి, కోస్టా మొదలైనవారు మామూలుగా తిరుగుతున్న ఎలుకలలో ఆ దారులను గమనించగా, కదలిక మొదలయ్యేటప్పుడు రెండూ కలిసే మేల్కొంటున్నాయి. ఒకటి కావలసిన కదలికకు తూము తీస్తుంటే, రెండవది అక్కరలేని కదలికలను మూసి ఉంచుతున్నదేమోనన్నది ఒక వివరణ. నా మటుకు నాకు మొదటి పటం కంటే ఇదే నమ్మదగినదిగా తోస్తుంది. చెంబు అందుకునే చేతిలో కూడా చాపడం, మడవకపోవడం రెండూ ఒకేసారి జరుగుతాయని ముందే చూశాం కదా.

గాబాను చిరునామాకు పంపే ప్రయత్నం కూడా జరిగింది. హాని చేయని వైరస్‌లో గాడ్ జన్యువును పెట్టి పార్కిన్‌సన్ రోగుల సబ్‌థాలమస్‌లోకి చొప్పించారు. ఎగదోసే కణాల చేతనే ‘ఆగు’ అనిపించాలన్నది ఉద్దేశం. 2007లో 12 మంది రోగులపై జరిగిన తొలి ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. 2011లో 45 మందితో జరిపిన పరీక్ష వివరాలు వచ్చాయి. అందులో సుమారు సగం మందికి నిజమైన చికిత్స, మిగిలినవారికి ఉత్తుత్తి శస్త్రచికిత్స జరిగింది. నిజమైన చికిత్స పొందినవారు మిగిలినవారి కంటే కొంత మెరుగుపడ్డారు. కొంత మాత్రమే. ఆ ప్రయత్నాన్ని నడిపిన సంస్థ 2012లో దివాలా తీసింది. తరువాత మరొక సంస్థ దానిని మళ్ళీ చేతికెత్తుకుంది.